న్యూరోసైన్స్ ల్యాబ్‌లో టెక్నీషియన్ పని, చేరమంటారా? (వైజాగ్)

కూర్మన్నపాలెం సిరి:

అందరికీ నమస్కారం. పోయినేడు ఎమ్మెస్సీ జువాలజీ పూర్తిచేశాను. నాన్న స్టీల్‌ప్లాంటులో కాంట్రాక్టు పని చేస్తారు, అమ్మ ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. రెండు వారాల కిందట సిటీలో ఒక న్యూరోసైన్స్ ల్యాబ్‌లో రీసెర్చ్ టెక్నీషియన్ పోస్టుకి ఇంటర్వ్యూకి వెళ్ళొచ్చాను. నిన్న ఫోన్ చేసి వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి రమ్మన్నారు. జీతం 20,000, ఇంటద్దె భత్యం విడిగా. ఒప్పందం 11 నెలలు, ప్రాజెక్టు ఉంటే పొడిగిస్తారట.

ఇంట్లో మాత్రం ఎవరికీ ఇష్టం లేదు. నాన్న బ్యాంకు కోచింగ్‌లో చేరమంటున్నారు, ఫీజు కూడా కనుక్కొచ్చారు. అమ్మ బాధ వేరు. ‘ఎలకల్ని చంపే ఉద్యోగమా? అది వినాయకుడి వాహనమే’ అని రెండ్రోజులుగా నాతో సరిగ్గా మాట్లాడ్డం లేదు. నిజం చెప్పాలంటే నాకూ బెరుగ్గానే ఉంది. మా బ్యాచ్‌కి డిసెక్షన్ అంటే చార్టులూ, కంప్యూటర్ బొమ్మలూ తప్ప కత్తెర పట్టుకుంది లేదు.

ఇంటర్వ్యూలో ఎక్కువ ప్రశ్నలు అడగలేదు. ఒక గిన్నెలో నీళ్ళు పోసి, ఉల్లిపొర ముక్కలు వేసి, సన్న కుంచె ఒకటి చేతికిచ్చి, వాటిని గాజు పలక మీదకి ఎక్కించమన్నారు. ఆరు ఎక్కించాను, ఒకటి మడత పడింది. మేడం ఏమీ అనలేదు, రాసుకున్నారు.

అసలు ఈ పనిలో రోజంతా ఏం చేస్తారు? అయిదేళ్ళ తర్వాత కూడా అదే బల్ల దగ్గర ఉండిపోతానా? ఎలకల పని మొదటిసారి చేసినవాళ్ళు ఎలా తట్టుకున్నారు? తెలిసినవాళ్ళు చెప్పండి, పుణ్యముంటుంది.

బెంగళూరులో వైజాగోడు:

సిరి గారూ, అభినందనలు. మాది ఎంవీపీ కాలనీ. పీహెచ్‌డీకి ఇక్కడికి వచ్చాను, అంతకుముందు ఏడాదిన్నర మీలాంటి పోస్టే చేశాను.

ముందు డబ్బు సంగతి. పీహెచ్‌డీ చేసేవాళ్ళకిచ్చే జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ 2023 జనవరి నుంచి నెలకి 37,000. టెక్నీషియన్ జీతం దాని దరిదాపులకి రాదు. అందుకని పీహెచ్‌డీ ఆలోచన ఏ మూలనున్నా ఆ ఫెలోషిప్‌కి రాసే నెట్ పరీక్ష పుస్తకాలు అటకెక్కించకండి. హైదరాబాదు సీసీఎంబీ లాంటి సీఎస్‌ఐఆర్ (కేంద్ర ప్రభుత్వ పరిశోధన) సంస్థల్లో టెక్నీషియన్, టెక్నికల్ అసిస్టెంట్, టెక్నికల్ ఆఫీసర్ అని పర్మనెంట్ మెట్లున్నాయి. నోటిఫికేషన్లు తక్కువ, పోటీ ఎక్కువ. కానీ పని తెలిసిన చేతికి అక్కడ విలువుంది. నా మట్టుకు నేను చేరమనే చెప్తాను.

ఆ పని విలువ నాకెప్పుడు తెలిసిందో చెప్తాను. నాది ఎలక్ట్రోఫిజియాలజీ. 300 మైక్రాన్ల (మైక్రానంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మందాన కోసిన మెదడు ముక్కని, 95 శాతం ఆక్సిజన్, 5 శాతం కార్బన్ డయాక్సైడ్ కలిసిన గ్యాసు బుడగలొచ్చే ద్రావణంలో ఉంచితే కొన్ని గంటలు బతికే ఉంటుంది. అందులో ఒక్క న్యూరాన్‌కి, అంటే నాడీకణానికి, గాజు సూది ఆనించి కరెంటు కొలుస్తాం. 1976లో నెహెర్, సక్‌మన్ కణం పొరలో ఉండే ఒక్క అయాన్ చానెల్ అనే సన్న ద్వారం గుండా పోయే కరెంటుని చూపించింది ఈ పద్ధతితోనే, 1991లో నోబెల్ వచ్చింది. ఆ కరెంటు పికోయాంపియర్లలో, అంటే ఆంపియర్‌లో లక్ష కోట్లవ వంతుల్లో ఉంటుంది. మన గోడ ప్లగ్గులో కరెంటేమో 50 హెర్ట్జ్. అది ఎక్కణ్ణుంచో దూరి తెరనిండా అలలు అలలుగా వచ్చేసేది. మా టెక్నీషియన్ అన్న మూడు రోజులు ఒక్కో ప్లగ్గూ పీకుతూ, ఒక్కో లైటూ ఆపుతూ వెతికాడు. చివరికి ఫారడే కేజ్ (బయటి కరెంటు అలల్ని అడ్డుకునే లోహపు బోను) తలుపుకున్న ఎర్తు తీగ మర వదులైందని తేలింది. బిగించగానే గీత తిన్నగా పడుకుంది. నా థీసిస్‌లో మొదటి బొమ్మ ఆ సాయంత్రం తీసిన రికార్డింగే.

అప్పుఘర్ అక్క:

సిరీ, నువ్వు అంటున్నాను, ఏమీ అనుకోకమ్మా. మా పెద్దమ్మాయి నీ ఈడుదే. నేను ఈ పనిలోకి వచ్చి 19 ఏళ్ళు. రెండు ల్యాబులు చూశాను, రెండూ మన ఊళ్ళోనే. పేర్లు రాయను.

ఆ ఉల్లిపొర పరీక్ష పెట్టారంటే ఆ మేడంకి పని తెలుసు. నీకు పోస్టు ఇచ్చింది అయిదు బాగా ఎక్కించావని కాదేమో. ఆరోది మడత పడిందని దాచకుండా చూపించావు కదా, అందుకనుంటుంది. ఎందుకంటున్నానో కింద చదివితే నీకే తెలుస్తుంది.

ఎలుక మెదడు బరువు సుమారు రెండు గ్రాములు. పలాస జీడిపప్పు గుళ్ళు రెండు పక్కపక్కన పెడితే ఎంతో అంత. ఫార్మలిన్‌లో గట్టిపడ్డాక దాన్ని 30 శాతం పంచదార ద్రావణంలో వేస్తాం. మొదట పైన తేలుతుంది, రెండు మూడు రోజులకి మెల్లగా అడుక్కి దిగుతుంది. దిగేదాకా ముట్టుకోకూడదు. తొందరపడి ముందే గడ్డకట్టించావంటే లోపలి నీళ్ళు మంచు పలుకులై కణజాలాన్ని చీల్చేస్తాయి. తర్వాత మైక్రోస్కోపులో చూస్తే జల్లెడ కనపడుతుంది, మెదడు కాదు. ‘రేపు మీటింగుంది, ఇవాళే కొయ్యండి’ అని స్కాలర్లు వచ్చి నిలబడతారు. సీసా తెచ్చి చూపించు, ‘ఇంకా తేలుతోంది’ అని చెప్పు. అంతకుమించి వాదించక్కర్లేదు.

దిగాక క్రయోస్టాట్‌లో, అంటే గడ్డకట్టించి పల్చటి పొరలుగా కోసే యంత్రంలో, మైనస్ 20 దగ్గర కోస్తాం. మా దగ్గర 40 మైక్రాన్లు, మామూలు తలవెంట్రుక కన్నా పల్చన. బ్లేడు మీద నుంచి వచ్చే పొర ఆత్రేయపురం పూతరేకులా ఉంటుంది, ఊపిరి గట్టిగా వదిలితే ఎగిరిపోతుంది. ఇక్కడ మన ఊరి గాలితో ఒక తంటా ఉంది, పుస్తకాల్లో రాయరు. వానలు మొదలైన దగ్గర్నుంచి అక్టోబరు దాటేదాకా గాల్లో తడి విపరీతం. క్రయోస్టాట్ అద్దం తెరిచిన ప్రతిసారీ ఆ తడి లోపలికెళ్ళి బ్లేడు మీద పిండి చల్లినట్టు మంచై కూచుంటుంది, పొర చుట్టుకుపోతుంది. అందుకని కొయ్యబోయే ముందు రెండు గంటలు ఏసీ వేసి గది ఆరనివ్వు. అద్దం నీ చెయ్యి పట్టేంతే తియ్యి. గోడకి చేరేసిన తడి గొడుగు కూడా బయటే పెట్టించు. జెలటిన్ పూసిన స్లైడ్లు ఆరడానికి వేసవిలో ఒక రాత్రి చాలు, శ్రావణంలో మూడు రాత్రులు పట్టినా ఆశ్చర్యపోకు.

కోసిన పొరల్ని చిన్న చిన్న గుంటలున్న ప్లాస్టిక్ పలకలో, 24 గుంటలుంటాయి, వరసగా వేస్తాం. ఒక్కో పొరనీ కుంచె మొనతో కాదు, కుంచె బొజ్జతో ఎత్తాలి. మొన గుచ్చుకుంటే చిరుగుతుంది. ద్రావణంలో కుంచెని పొర కిందకి పోనిచ్చి, దాని మీద అది వాలేదాకా ఆగి, అప్పుడు పైకి తియ్యాలి. కోసేముందు మెదడుకి ఒక పక్కన సన్న సూదితో చిన్న గాటు పెట్టుకోవాలి. లేకపోతే నీళ్ళలో తిరగబడ్డ పొరకి ఏది ఎడమో ఏది కుడో బ్రహ్మకి కూడా తెలీదు. రంగు వేసే రోజు మాత్రం పడ్డ కష్టమంతా మర్చిపోతావు. క్రెసిల్ వయొలెట్‌లో ముంచి, ఆల్కహాల్‌లో అదనపు రంగు వదిలించి, తెల్లటి బల్ల మీద స్లైడు పెడితే హిప్పోకాంపస్, జ్ఞాపకాలకి కీలకమైన మెదడు భాగం, కంటికే కనపడుతుంది. ముగ్గులో చుక్కలు దగ్గరదగ్గరగా పెట్టి వంపు తిప్పినట్టు ఊదారంగు గీత. 19 ఏళ్ళయినా ఆ గీత తేలే క్షణంలో నేను పక్కవాళ్ళతో మాట్లాడను.

ఈ కోత పని చిన్నదని ఎవరైనా అంటే నాకు 2009 డిసెంబరు గుర్తొస్తుంది. అమెరికాలో శాన్‌డియాగోలో హెన్రీ మోలైసన్ మెదడుని కోశారు. 1953లో మూర్ఛకని చేసిన ఆపరేషన్లో రెండు పక్కలా హిప్పోకాంపస్ చాలావరకు తీసేశాక, కొత్త జ్ఞాపకం ఏదీ నిలవకుండా పోయిన మనిషి ఆయన. జ్ఞాపకం గురించి మనకి తెలిసిన ఎన్నో సంగతులు ఆయన మీద చేసిన పరీక్షల నుంచి వచ్చినవే. 53 గంటల్లో 2,401 పొరలు కోశారు, ఇంటర్నెట్‌లో ప్రత్యక్షంగా చూపించారు. మా ల్యాబ్ కంప్యూటర్లో నెట్టు ఆగి ఆగి వచ్చేది. అందరూ మెదడుని చూస్తున్నారు, నేను మాత్రం పొరని కుంచెతో పైకెత్తే ఆ చేతినే చూస్తూ కూచున్నాను. పొరా పొరా మధ్య ఆ చేతికి తొందర లేదు.

ఇప్పుడు నా తప్పు చెప్తాను. చేరిన నాలుగో ఏట, ఒక సాయంత్రం 24 గుంటల పలకని షేకర్ మీద నుంచి తీసి కడిగి మళ్ళీ పెట్టినప్పుడు అటు కొస ఇటు తిప్పి పెట్టాను. మొదటి గుంట ఆఖరిదైంది, ఆఖరిది మొదటిదైంది. ఏ ఎలుకకి మందు ఇచ్చారో ఏదానికి ఇవ్వలేదో నాకు తెలీకూడదు కాబట్టి, గుంటలకి ఉత్త నంబర్లే. మర్నాడు సగం స్లైడ్లు ఎక్కించాక మూత మీది గీత వెనక్కుందని చూశాను. అప్పటికి ఏడయింది. ల్యాబ్‌లో నేనూ, వాచ్‌మనూ. ఎవరికీ చెప్పకపోతే ఎవరికీ తెలిసే దారి లేదు. కడుపులో తిప్పేసింది. మేడం ఇంటికి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత ‘మిగతా సిరీస్‌లు ఉన్నాయా’ అని అడిగారు. ఉన్నాయి. ప్రతి మెదడునీ ఆరు వంతులుగా కోసి, ఒక వంతే రంగుకి తీసి, మిగతా అయిదూ గడ్డకట్టని ద్రావణంలో మైనస్ 20లో దాచాను. రెండో వంతు తీసి మళ్ళీ మొదలుపెట్టాం. వారం పోయింది, ఒక్క ఎలుక కూడా అదనంగా పోలేదు. ఆ మర్నాటి నుంచి నా ప్రతి పలకకీ ఎడమచేతి పై మూల ఎర్ర నెయిల్ పాలిష్ చుక్క ఉంటుంది. నోట్‌బుక్‌లో ఆ రోజు పేజీ ఇప్పటికీ ఉంది, ‘పలక తిరగబడింది, ఈ స్లైడ్లు లెక్కలోకి తీసుకోవద్దు’ అని, నా సంతకంతో.

మీ అమ్మగారి బాధకి నా దగ్గరున్న జవాబు కూడా ఇక్కడే ఉంది సిరీ. ఏ ఎలుకనీ ఎవరిష్టం వచ్చినట్టు వాళ్ళు తీసుకోవడానికి లేదు. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద కేంద్రం వేసిన కమిటీ ఉంది, సీసీఎస్‌ఈఏ అంటారు. దాని నియమాల ప్రకారం ప్రతి సంస్థలోనూ ఎథిక్స్ కమిటీ కూచుని, ఎన్ని ఎలుకలు, ఎందుకు, జంతువు లేకుండా చేసే దారి ఎందుకు లేదు అని అడిగి అప్పుడు అనుమతిస్తుంది. 1959లో రస్సెల్, బర్చ్ చెప్పిన సూత్రం అది: వీలైతే జంతువు లేకుండా చెయ్యి, తప్పకపోతే తక్కువ వాటితో చెయ్యి, వాటికి బాధ తగ్గించి చెయ్యి. కాగితం మీద ఎంత రాసినా చివరికి నీ చేతికొచ్చేసరికి లెక్క ఒకటే. నువ్వు ఫార్మలిన్ సరిగ్గా కలపకపోయినా, చీటీ తప్పు రాసినా, దాని బదులు ఇంకో ఎలుక పోవాలి. జాగ్రత్తగా ఉన్న టెక్నీషియన్ వల్ల ఏడాదికి ఎన్ని ఎలుకలు మిగులుతాయో ఎవరూ లెక్క రాయరు. నేను మాత్రం మనసులో రాసుకుంటాను.

మొదటిసారి నాకు చెయ్యి వణికింది. మా పాత సర్, నేను చేరిన పది రోజుల వరకూ కత్తెర ముట్టుకోనివ్వలేదు. రోజూ అరగంట ఎలుకల్ని చేతిలో పట్టుకుని కూచోవడమే పని. విస్టార్ ఎలుకలు, తెల్లటివి, మోచేతి ఒంపులో తల దూర్చి పడుకుంటాయి. పదకొండో రోజు మత్తు ఇవ్వడం నేర్పారు. మత్తు ఎక్కాక కాలివేళ్ళు గట్టిగా నొక్కి చూడాలి. కాలు ఏమాత్రం వెనక్కి లాగినా ఇంకా ఆగాలి. ఈ ఒక్క చోట ఎవరు తొందరపెట్టినా వినకు. తర్వాత గుండె ఎడమ గది లోకి సూది, ముందు సెలైన్, రక్తమంతా పోయాక మెదడుని గట్టిపరిచే పారాఫార్మాల్డిహైడ్. కాలేయం ముదురెరుపు నుంచి పాలిపోయి గోధుమపిండి రంగుకొస్తే సరిగ్గా సాగుతోందని గుర్తు. ఆ రోజు ఇంటికెళ్ళి అన్నం తినలేకపోయాను. ఇప్పుడు తింటాను. కానీ ఆ రోజుల్లో ల్యాబ్‌లో రేడియో పెట్టనివ్వను, ఫోన్లో నవ్వుతూ మాట్లాడనివ్వను.

బతికున్న ఎలుకలతో ప్రవర్తన పరీక్షలు కూడా ఉంటాయి. ఆ గదికి వెళ్ళే రోజు మల్లెపూలు పెట్టుకోకు. సెంటొద్దు, తలకి ఘాటు నూనె వద్దు. మనకి రాని వాసనలు వాటికొస్తాయి. 2014లో మెక్‌గిల్ యూనివర్సిటీ వాళ్ళు చూపించారు, మగవాళ్ళు దగ్గరుంటే, వాళ్ళు తొడిగి విడిచిన టీషర్టు పక్కన పెట్టినా సరే, ఎలుకలకి ఒత్తిడి పెరుగుతుందని. మా దగ్గర మోరిస్ నీటితొట్టి ఉంది. పాలపొడి కలిపిన నీళ్ళలో పైకి కనపడకుండా ఒక చిన్న మెట్టు దాస్తాం. గోడ మీది గుర్తుల్ని చూసుకుని ఎలుక ఈదుతూ దాన్ని వెతుక్కోవాలి. ఒక బ్యాచ్‌కి నాలుగు రోజులు తలుపు పక్కనే నిలబడ్డాను. అయిదో రోజు ఫోన్ వస్తే కిటికీ వైపు జరిగాను. ఎలుకలు తప్పు వైపు ఈదాయి. అప్పుడర్థమైంది, వాటికి గోడ మీది గుర్తుల్తో పాటు నేనూ ఒక గుర్తునే. అదీ రాసిపెట్టాం. ఇప్పుడు నేల మీద రంగు టేపుతో గీత ఉంది, పరీక్షయ్యేదాకా దాని మీద నుంచి కదలను, ఫోన్ బయట బల్ల మీదే.

హుద్‌హుద్ తుఫాను గురించి చెప్పకుండా ఉండలేను. 2014 అక్టోబరు 12, ఆదివారం. మధ్యాహ్నానికి కిటికీలు ఎగిరిపోయాయి, కరెంటు రోజుల తరబడి రాలేదు. జనరేటరుంది, డీజిలు అయిపోయింది. నడుచుకుంటూ ల్యాబ్‌కి వెళ్ళేసరికి, రోడ్డంతా చెట్లే, మైనస్ 80 ఫ్రీజర్ గొంతు ఆగిపోయి ఉంది. అందులో గడ్డకట్టించి దాచిన శాంపిళ్ళన్నీ కరిగిపోయాయి. రెండేళ్ళ పని. మంచుగడ్డతో మైనస్ 80ని నిలబెట్టలేం, అది తెలుసు. కానీ ఫ్రిజ్‌లో ఫార్మలిన్ పట్టించిన మెదళ్ళున్నాయి, వాటికి 4 డిగ్రీలు చాలు. చేపలమ్మే ఒకావిడ దగ్గర థర్మాకోల్ పెట్టె, అందులో మిగిలిన మంచు, అడిగి తెచ్చాను. డబ్బులు తీసుకోలేదు ఆవిడ. సీసాల్ని ప్లాస్టిక్ కవర్లలో చుట్టి అందులో సర్ది, దొరికిన చోటల్లా మంచు మారుస్తూ నిలబెట్టాం. ఆ మెదళ్ళ మీద పని పూర్తయింది, పేపరు కూడా వచ్చింది. పెట్టెకి చేపల వాసన మాత్రం ఏడాది పోలేదు.

పేపరన్నాను కాబట్టి ఇది కూడా. మొదట పనిచేసిన చోట మూడేళ్ళు కోసిన సెక్షన్ల మీద వచ్చిన పేపర్లో నా పేరు రచయితల్లో లేదు, చివర్లో కృతజ్ఞతల్లోనూ లేదు. బొమ్మ చూడగానే నా స్లైడని గుర్తుపట్టాను, అంచున నేను పెట్టిన గాటు కనపడుతోంది. అడగలేదు. అడగాల్సింది. నువ్వు చేరిన మొదటి నెలలోనే, మర్యాదగా, ‘ఈ పనికి పేరు ఎక్కడ వస్తుంది మేడం’ అని అడుగు. మంచి ల్యాబ్ అయితే ఆ ప్రశ్నకి నొచ్చుకోరు.

ఇంకొక్కటి. పారాఫార్మాల్డిహైడ్ పొడిని 60 డిగ్రీల దగ్గర కరిగించేటప్పుడు ఫ్యూమ్ హుడ్ (ఆవిరిని బయటికి లాగేసే పెట్టె) తప్పనిసరి. ఫార్మాల్డిహైడ్ మనుషుల్లో క్యాన్సర్ తెస్తుందని అంతర్జాతీయ సంస్థలు తేల్చి చెప్పినదే. చేరిన రోజే సన్న కాగితం ముక్క ఒకటి హుడ్ అంచున పట్టుకుని చూడు. లోపలికి లాగితే పనిచేస్తోంది. లాగకపోతే బాగుచేయించేదాకా నేను కలపనని చెప్పు.

తగరపువలస రమణ:

అమ్మా సిరీ, ఎలకల పని మనసొప్పకపోతే నాడీ విభాగంలో ఇంకో దారుంది. నేను ఆసుపత్రిలో ఈఈజీ (మెదడు అలల్ని రికార్డు చేసే పరీక్ష) టెక్నీషియన్ని, 14 ఏళ్ళు. దీనికి వేరే పారామెడికల్ కోర్సు చెయ్యాలి, నీ ఎమ్మెస్సీతో నేరుగా తీసుకోరు. అది ముందే తెలుసుకో.

పని ఏమిటంటే, ముక్కు మొదలు నుంచి వెనక తల ఎముక దాకా టేపుతో కొలిచి, ఆ పొడుగులో 10 శాతం, 20 శాతం లెక్కన గుర్తులు పెట్టి ఎలక్ట్రోడ్లు అంటించాలి. 1924లో జర్మనీలో హాన్స్ బెర్గర్ మొదటిసారి మనిషి మెదడు అలల్ని పట్టుకున్నాడు, ఇప్పటికీ మూర్ఛ రోగానికి ఇదే పెద్ద ఆధారం. మనవాళ్ళతో వచ్చే కష్టమల్లా కొబ్బరినూనె. నూనె తలకి ఎలక్ట్రోడు సరిగ్గా ఆనదు, గీతంతా వణుకుతుంది. ‘రాత్రి తలంటుకుని నూనె రాయకుండా రండి’ అని చీటీ మీద రాసిస్తాం. అయినా ఆసుపత్రికి వెళ్తున్నాం కదాని పిల్లలకి శుభ్రంగా నూనె రాసి, నున్నగా దువ్వి, బొట్టుపెట్టి తెస్తారు తల్లులు. వాళ్ళ మీద విసుక్కోను. షాంపూ ప్యాకెట్లు నా సొరుగులోనే ఉంటాయి, కడిగించి ఆరాక తీస్తాను. నిద్రపోయిన పిల్లాడి తల మీద 21 తీగలు తీస్తూ లేవకుండా చూసుకోవడం కూడా చేతిపనే.

పైన అక్క చెప్పినది మాకూ వర్తిస్తుంది. తీగ కదిలితే ‘తీగ కదిలింది’ అని ఆ క్షణంలోనే రికార్డు మీద రాయాలి. రాయకపోతే డాక్టరు దాన్ని మూర్ఛ అనుకునే ప్రమాదముంది, మనిషి ఏళ్ళ తరబడి అక్కర్లేని మాత్ర మింగుతాడు.

కూర్మన్నపాలెం సిరి:

అక్కా, అన్నయ్యా, రమణ గారూ, మీ జవాబులు నాన్నకి చదివి వినిపించాను. హుద్‌హుద్ దగ్గర ఆయన మళ్ళీ చదవమన్నారు. 11 నెలలు చూద్దాం, బ్యాంకు పరీక్షలు ఎక్కడికీ పోవు అన్నారు. అమ్మ పక్కగదిలో మిషను ఆపి వింది, కానీ ఏమీ అనలేదు. అమ్మకి ఇంకేమైనా చెప్పగలనా అక్కా? ఆ ఆరో పొర నేను చూపించలేదు, మేడమే చూశారు. దాచలేదు, అంతే.

అప్పుఘర్ అక్క:

దాచలేదు కదా, నాకు ఆ మాట చాలు.

అమ్మగారిని ఒప్పించాలని వాదించకు. మా అత్తగారు కూడా నేను చేరిన ఏడు వినాయకచవితికి పీట దగ్గర నన్ను కూచోనివ్వలేదు. నేనేమీ అనలేదు. ఆవిడ తమ్ముడికి పార్కిన్‌సన్స్, చేతులు వణికి కాఫీ గ్లాసు పట్టుకోలేకపోయేవాడు. లెవోడోపా మాత్ర వేసుకున్న ముప్పావు గంటకి లేచి వీధి చివరిదాకా నడిచేవాడు. ఒకరోజు ఆవిడే అడిగారు, ఈ మాత్ర ఎలా కనిపెట్టారని. చెప్పాను. 1957లో స్వీడన్‌లో కార్ల్‌సన్ అనే ఆయన కుందేళ్ళకి రిసర్పిన్ ఇచ్చాడు. మన సర్పగంధ వేరులోంచి తీసే మందే అది. కుందేళ్ళు కదల్లేక చెవులు వేలాడేసి కూలబడ్డాయి. అప్పుడు ఎల్-డోపా, అంటే ఈ లెవోడోపానే, సూదిమందుగా ఇస్తే లేచి తిరిగాయి. మెదడులో డోపమిన్ అనే రసాయనం సంగతి అక్కణ్ణుంచే తెలిసింది, 2000లో ఆయనకి నోబెల్ ఇచ్చారు. మా అత్తగారు విని చాలాసేపు ఊరుకున్నారు. ఆ తర్వాతి చవితికి పత్రి నన్నే కోసుకురమ్మన్నారు, కథ అక్షింతలు కూడా నా చేతిలో పోశారు. దానికి నాలుగేళ్ళు పట్టింది. మీ అమ్మగారికీ టైమివ్వు.

వెళ్ళేముందు సున్నా నంబరు, రెండు సున్నాల నంబరు కుంచెలు రెండేసి కొనుక్కో. బొమ్మల సామాన్ల కొట్టులో దొరుకుతాయి. ల్యాబ్ వాళ్ళిచ్చేవి పదిమంది వాడి మొనలు పోయుంటాయి. చెయ్యి అలవాటైన కుంచె ఎవరికీ ఎరువివ్వకు. పాత చెప్పులు ఒక జత పట్టుకెళ్ళు, జంతువుల గదిలోకి వేరేగా. నెయిల్ పాలిష్ సీసా సంచిలో ఉంచుకో, గోళ్ళకి కాదు.

మొదటి రోజు ఎలకల గదిలోకి తీసుకెళ్తే ఏదీ పట్టుకోవాలని చూడకు. వాళ్ళని అడిగి, చేతొడుగు వేసుకుని, బోను మూత తీసి, చెయ్యి లోపల పొట్టు మీద పెట్టి కదలకుండా ఉంచు. అయిదు నిమిషాలు ఏమీ జరగదు. తర్వాత ఒకటి వచ్చి నీ చిటికెనవేలు వాసన చూస్తుంది.